పైనున్న ఫోటో

ఆ స్టూడియోలో ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. యజమాని సరదాగా పొరల మాస్టారు అన్నాడు, అదే స్థిరపడిపోయింది. పెళ్ళి ఆల్బంలో ఒక్కో పేజీ మనకి ఒక్క ఫోటోలాగే కనిపిస్తుంది గానీ, కంప్యూటర్లో అది ఒకదాని మీద ఒకటి పరిచిన ముప్ఫై నలభై పొరలు. అన్నిటికన్నా అడుగున ఆకాశమో తోటో ఉంటుంది. దాని మీద మెట్లు, మెట్ల మీద చుట్టాలు, చుట్టాల ముందు దంపతులు, వాళ్ళ మీద కాస్త వెలుగు, అందరికన్నా పైన అక్షరాలు. ఈ వరుస తప్పిందంటే పెళ్ళికొడుకు మెట్ల కింద ఇరుక్కుంటాడు, మేనత్త గాల్లో తేలుతుంది. అలా ఇరుక్కున్నవాళ్ళనీ తేలినవాళ్ళనీ ఎవరి చోట్లో వాళ్ళని నిలబెట్టడంలో మాస్టారు పాతికేళ్ళు గడిపాడు.

మిగతావాళ్ళ ఫైలు తెరిస్తే కళ్ళు తిరుగుతాయి. లేయర్ ఒకటి, లేయర్ ఒకటి కాపీ, దాని కాపీకి మళ్ళీ కాపీ. ఎవరు ఎవరి పిల్లలో తెలియని సంత. మాస్టారి ఫైలు అలా ఉండదు. ఏడంటే ఏడే గుంపులు. అడుగు బొమ్మలకి నీలం రంగు గుర్తు, చుట్టాలకి పచ్చ, దంపతులకి ఎరుపు, అక్షరాలకి పసుపు. ఎన్ని వందల ఫైళ్ళు తిరగేసినా అదే వరుస. నీడ, అంచు, మెరుపు అని మూడే మూడు హంగులు తయారుచేసి, తెర మీది హంగుల పట్టీలో మొదటి మూడు గళ్ళలో దాచుకున్నాడు. ఒక్కరికి నీడ వేస్తే చాలు, దాన్ని కాపీ చేసి మిగతా ఇరవై మందికీ ఒక్క దెబ్బలో వేసేస్తాడు. దాంతో నీడలన్నీ ఒకే వైపు పడతాయి. వేరే స్టూడియోల ఆల్బముల్లో మావగారి నీడ తూర్పుకీ అల్లుడి నీడ పడమరకీ పోవడం మనం చూస్తూనే ఉంటాం.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటుంది. ఒకే చోటికి రెండు మూడు ఫోటోలు పోటీ పడితే, బాగున్నదాన్ని పైన పెట్టాలి, మిగతావాటిని దాని కింద దాచాలి. ప్రతి పొర పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పొర మాయమవుతుంది, మళ్ళీ నొక్కితే వస్తుంది. ఏది బాగుందో ఎంచేది మాస్టారు కాదు. పక్క కుర్చీలో మొహాల అక్కయ్య ఉంది. మొటిమలు తీసేదీ, నవ్వులు సరిచేసేదీ, మూడింట్లో మంచి మొహం ఏరి పైన పెట్టేదీ ఆవిడే. వయసులో మాస్టారి కన్నా చిన్నదే అయినా యజమానితో సహా అందరికీ అక్కయ్యే. ఆవిడ ఏరి పెట్టాక మాస్టారు కీబోర్డు పై వరుసలో ఐదో మీట నొక్కుతాడు. పైనున్న ఫోటో నిలుస్తుంది, కిందవి దాక్కుంటాయి, నీడా అంచూ వాటంతటవే పడతాయి, పేజీ సేవ్ అవుతుంది. ఈ పద్ధతి వచ్చాక రోజుకి ఆరు పేజీలయ్యేచోట పధ్నాలుగు అవుతున్నాయి. యజమాని మురిసిపోయి మాస్టారి లేయర్ల పట్టీని ప్రింటు తీయించి గోడకి అంటించాడు. ఇకమీదట అందరూ ఇలాగే చేయాలని హుకుం జారీ చేశాడు.

అందరూ దాన్ని తెలివి అనుకున్నారు. అది తెలివి కాదు, గతి లేక పట్టిన దారి. ఆ సంగతి మాస్టారికీ, ఊరవతల ఉన్న కళ్ళ డాక్టరమ్మకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

మూడేళ్ళ కిందట ఓ ఉదయం తెర మీద తలుపు గడప మధ్యలో వంగి కనిపించింది. ఫోటోలో లోపమనుకుని అరగంట కూర్చుని దాన్ని సరిచేశాడు. తలెత్తి చూస్తే గోడ మీది కిటికీ కూడా వంగే ఉంది. కళ్ళద్దాలు తుడిచాడు, తర్వాత మార్చాడు, ఆర్నెల్లకి మళ్ళీ మార్చాడు. ఆ తర్వాత మొహాలు పోవడం మొదలుపెట్టాయి. పెళ్ళికూతురి ముక్కు వైపు చూస్తే ముక్కు ఉండదు. చెవులుంటాయి, జడ ఉంటుంది, మెడలో గొలుసు ఉంటుంది, మధ్యలో బూడిద రంగు మరక. చూపు పక్కకి తిప్పితే మొహం అంచు తగులుతుంది గానీ, పట్టుకుందామని తిరిగేసరికి మళ్ళీ జారిపోతుంది.

"పొర వచ్చిందా డాక్టరుగారూ? తీసేస్తారా?" అని అడిగాడు.

"పొరైతే ఎంత బాగుండేదో. ఇది లోపల జరిగే అరుగుదల. సూటిగా చూసే చూపు పోతుంది, పక్క చూపు ఉంటుంది. పోయింది మాత్రం తిరిగి రాదు," అంది డాక్టరమ్మ.

ఆవిడ సూదిమందులిచ్చింది. అవి పోయేదాన్ని నెమ్మది చేశాయి గానీ ఆపలేదు. మొదట కుడి కన్ను, తర్వాత ఎడమది. మాస్టారు మాత్రం నెమ్మదిగా లేడు. పేర్లు చదవలేని రోజు వస్తుందని రంగులు పెట్టాడు. రంగులు కూడా తేడా చేస్తాయేమోనని వరుస పెట్టాడు. మౌస్ గురి తప్పుతోందని అన్నిటినీ మీటల మీదకి ఎక్కించాడు. మొహాలు కనబడటం లేదు కాబట్టి, పని పంచుకుంటే వేగం పెరుగుతుందని యజమానికి నచ్చజెప్పి మొహాలన్నీ అక్కయ్యకి అప్పగించాడు. అంత పకడ్బందీగా గుడ్డితనాన్ని కప్పిపుచ్చిన మనిషిని నేనింకొకర్ని చూడలేదు.

చెప్పేస్తే పోయేది కదా అని మనం సులువుగా అంటాం. యజమాని మంచివాడే, వెళ్ళగొట్టేవాడు కాదు. కౌంటర్లో కూర్చోబెట్టి రసీదులు రాయమనేవాడు. అది కూడా మొహమాటానికే. రసీదులు ఎలా రాస్తాడు? వచ్చినవాళ్ళందరూ పాపం మాస్టారూ అంటుంటే ఆ చెవులతో ఎలా వింటాడు? ఆ మాట తలుచుకుంటేనే ఆయనకి ముద్ద దిగేది కాదు.

వీధిలో దాని ఫలితం వేరేలా ఉంది. బావమరిది ఎదురుగా వచ్చి నవ్వితే పలకరించకుండా వెళ్ళిపోయాడట. ఆయనగారికి కళ్ళు నెత్తికెక్కాయని బావమరిది ఆరు నెలలు గడప తొక్కలేదు. మాస్టారు ఆ మాట విని ఊరుకున్నాడు. ఆ పేరే నయమనిపించింది. ఇంట్లో భార్యతో ఇంకో చిక్కు. ఆవిడ మొహం కాస్తయినా తగలాలంటే ఆయన పక్కనున్న గోడ వైపు చూడాలి. నేను మాట్లాడుతుంటే గోడకేసి చూస్తారేమిటండీ, గోడేమైనా ఒండిపెడుతోందా అని ఆవిడ రోజూ సాధించేది.

ఇలా ఉండగా కూతురి పెళ్ళయింది. ఒక్కతే కూతురు, చిట్టి అని పిలుస్తారు. పెళ్ళిలో మాస్టారు గొంతుల్ని బట్టి చుట్టాల్ని గుర్తుపట్టి నెట్టుకొచ్చాడు. ఫోటోలు స్టూడియో ఫోటోగ్రాఫరే తీశాడు. ఆల్బం నేను చేయిస్తానని యజమాని అన్నా మాస్టారు వినలేదు.

"నా చేత్తో చేస్తానండి. ఈ ఒక్కటీ," అన్నాడు.

యజమాని దాన్ని తండ్రి ముచ్చట అనుకున్నాడు. నిజానికి మాస్టారు లోపల ఓ ఒప్పందం చేసుకున్నాడు. చిట్టి ఆల్బం అయ్యేదాకా ఎవరికీ తెలియకూడదు. అయిన మర్నాడు అందరికీ తనే చెప్పేస్తాడు, కుర్చీ వదిలేస్తాడు. పాతికేళ్ళలో ఊళ్ళోవాళ్ళ పిల్లలందరినీ అందంగా నిలబెట్టిన చెయ్యి, ఆఖరున తన పిల్లనీ నిలబెట్టాలి. అంతకు మించి ఆయనకి ఏమీ అక్కర్లేకపోయింది.

మూడు వారాలు మధ్యాహ్నం భోజనం టైములో కూర్చుని చేశాడు. అక్కయ్య తన డబ్బా పక్కన పెట్టుకుని, తింటూనే మొహాలు ఏరి పెట్టేది. కవరు కోసం కల్యాణమండపం మెట్ల మీద తీసినవి మూడు ఫోటోలున్నాయి.

"ఒకదాంట్లో అల్లుడుగారి జుట్టు గాలికి లేచింది. ఒకదాంట్లో చిట్టి కళ్ళు మూసేసింది. ఒకటుంది మాస్టారూ, ఎంత బాగుందో. అదే పైన పెట్టాను," అంది.

మాస్టారు కాస్త ఆగి, నీ కంటికి ఎలా ఉందో చెప్పు, నాది ఎటూ తండ్రి కన్నే కదా అన్నాడు.

"కళ్ళు ఇంతింత చేసుకుని మీ వైపే చూస్తోంది. మీరు కెమెరా పక్కన నిలబడి ఉంటారు. ఏదో నవ్వొచ్చే మాట నోటిదాకా వచ్చి ఆగినట్టుంది."

ఆ రెండు ముక్కలూ మాస్టారు ఇంటిదాకా మోసుకెళ్ళాడు. బస్సులో కూర్చుని మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. కళ్ళు ఇంతింత చేసుకుని, నోటిదాకా వచ్చి ఆగిన మాట. నాలుగు రోజులయ్యేసరికి ఆ ఫోటోని తను నిజంగానే చూసినట్టు అనిపించసాగింది.

చిట్టి భర్తకి వేరే ఊరికి బదిలీ అయింది. శనివారం ప్రయాణం. లోపలి పేజీలన్నీ బుధవారమే ప్రెస్సుకి వెళ్ళాయి. కవరు ఒక్కటీ గురువారం నాలుగింటిలోగా వెళ్తే శుక్రవారం సాయంత్రానికి ఆల్బం చేతికొస్తుంది. ఆ గురువారమే అక్కయ్య రాలేదు. వాళ్ళత్తగారిని ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. వచ్చినా రాకపోయినా కవరు మీద మొహం ఎప్పుడో పైన పెట్టేసి ఉంది కాబట్టి మాస్టారు కంగారు పడలేదు. భోజనం చేసొచ్చి ఐదో మీట నొక్కితే అయిపోతుంది.

చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన కుర్చీలో యజమాని తమ్ముడున్నాడు. పెద్ద చోట కంప్యూటర్ చదువు చదువుకుని నెల కిందటే స్టూడియోలో చేరాడు. మర్యాద తెలిసిన మనిషి. మాస్టారి పద్ధతంటే అతనికి గురి కూడా.

"మీ కవరు ఫైలు ఇంకాస్త సర్దాను మాస్టారూ. ఫోటోలన్నీ తీసిన టైము ప్రకారం పెట్టాను. ముందు తీసింది కింద, చివర తీసింది పైన. నంబర్లు కూడా ఇచ్చేశాను. ఇక వెతుక్కోనక్కర్లేదు," అని లేచి కుర్చీ తుడిచి మరీ ఇచ్చాడు.

సేవ్ చేశారా అని మాస్టారు అడిగాడు. చేసేశాను, పాతదాని మీదే చేశాను అన్నాడతను సంతోషంగా. చాలా థాంక్సండీ అన్నాడు మాస్టారు. ఇంకేమంటాడు?

మూడు ఫోటోలు. వాటిలో ఒక్కటే మంచిది. ఏది పైనుందో తెలియదు. అక్కయ్యకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు, ఈసారి స్విచ్ఛాఫ్. ఆసుపత్రిలో అత్తగారి మంచం దగ్గర నిలబడ్డ మనిషిని మా పిల్ల కళ్ళు తెరిచిందా అని అడగడం కూడా బాగోదులే అని తనకి తనే చెప్పుకున్నాడు.

ఒక్కో ఫోటో పక్కనున్న కన్ను బొమ్మ నొక్కి చూశాడు. తల పక్కకి వాల్చి, కంటి చివర్నుంచి చూస్తే నడిమి ఫోటోలో అల్లుడి నెత్తి మీద ఏదో లేచి ఉంది. అది జుట్టే. దాన్ని పక్కన పెట్టాడు. మిగిలినవి రెండు. పిల్ల మొహం తెరంతా నిండేదాకా పెద్దది చేశాడు. పక్క నుంచి చూస్తే రెండింట్లోనూ రెండు నల్లటి గీతలున్నాయి. అవి తెరిచిన కళ్ళ రెప్పలో, మూసిన కళ్ళ రెప్పలో ఆయనకి తెలియలేదు. ఆ మొహాన్ని ఎత్తుకుని తిప్పాడు, జ్వరమొస్తే రాత్రంతా దాని పక్కన కూర్చున్నాడు. అదిప్పుడు జానెడు దూరంలో తెర నిండా ఉంది, అయినా అందడం లేదు.

నాలుగడుగుల దూరంలో యజమాని తమ్ముడున్నాడు. ఈ రెండింట్లో ఏది బాగుంది బాబూ అంటే చాలు. కానీ అలా అడిగితే అతను నవ్వుతాడు, ఇదేమిటి మాస్టారూ, కళ్ళు మూసుకున్నది కనబడటంలేదా అంటాడు. ఆ తర్వాత గది అంతా ఇటు తిరుగుతుంది. ఇంకొక్క పూట ఆగితే తనంతట తనే చెప్పుకునే మాట, దొంగని పట్టుకున్నట్టు వాళ్ళే పట్టుకుంటారు.

"బాబూ," అన్నాడు.

"చెప్పండి మాస్టారూ," అని అతను వెంటనే లేచి వచ్చాడు.

"టీ తాగుదామా?"

టీ తాగారు. మూడున్నర అయింది. అప్పుడు మాస్టారు తన పాతికేళ్ళ అనుభవాన్ని ముందు వేసుకుని ఆలోచించాడు. ఏ ఫోటోగ్రాఫరైనా మంచి ఫోటో పడేదాకా తీస్తాడు. పడ్డాక ఆపుతాడు. కళ్ళు మూసుకుంటే ఇంకోటి తీస్తాడు గానీ అక్కడితో ఎందుకు ఆపుతాడు? కాబట్టి చివర తీసిందే మంచిది. చివరదే ఇప్పుడు పైనుంది. అంటే ఆ కుర్రాయన సర్దినా ఏమీ చెడలేదు, దేవుడు మేలు చేశాడు. ఇలా అనుకుని ధైర్యం తెచ్చుకుని ఐదో మీట నొక్కాడు. నీడ పడింది, అంచు పడింది, పేజీ సేవ్ అయింది. కవరుని ప్రెస్సుకి పంపేశాడు.

లెక్క తప్పు కాదు. కాకపోతే ఆ రోజు మెట్ల మీద మూడోసారి నొక్కగానే ఎవరో ఫోటోగ్రాఫర్ని భోజనానికి కేకేశారు. ఆ సంగతి లెక్కలో లేదు.

నాలుగున్నరకి ప్రెస్సు నుంచి ఫోనొచ్చింది. అక్కడి ఆపరేటరు కాస్త నసిగాడు.

"కవరు ఇదేనా మాస్టారూ? ఇదే వెయ్యమంటారా?"

అప్పుడైనా ఎందుకలా అడుగుతున్నావని అనొచ్చు. మాస్టారికి ఆ మాట అనే ధైర్యం లేకపోయింది. ధైర్యం లేనప్పుడు మనిషి గొంతు పెంచుతాడు.

"ఇదే. నా కూతురి ఫోటో నాకు తెలియదా? వెయ్యి," అన్నాడు.

ఆపరేటరు వేశాడు. తల్లిదండ్రులకి ఒక్కో ఫోటో మీద ఒక్కో మమకారం, మధ్యలో మనకెందుకని అతను అనుకుని ఉండాలి.

శుక్రవారం సాయంత్రం మాస్టారు ఆల్బం డబ్బా విప్పకుండా చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. ముందు గదిలో చిట్టి పెట్టెలు సర్దుకుంటోంది. భార్య వంటింట్లో ఉంది. నేను చేతులు కడుక్కుని వస్తాను, నేను రాకుండా విప్పకండి అని అక్కడి నుంచే కేకేసింది. ఎవరాగుతారు? మాస్టారు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, డబ్బా దాని ఒళ్ళో పెట్టాడు. కాగితం విప్పిన చప్పుడు, మూత తీసిన చప్పుడు వినబడ్డాయి. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

పిల్ల ఆనందంతో మాట రాక ఊరుకుందనుకున్నాడు. ఇక తనే మొదలుపెట్టాడు. నాలుగు రోజులుగా నోట్లో నానుతున్న మాటలు అవి.

"నీ కళ్ళు చూశావా చిట్టీ? ఇంతింత చేసుకుని నా వైపే చూస్తున్నావు. నేను కెమెరా పక్కనే నిలబడ్డాను కదా. ఏదో నవ్వొచ్చే మాట నోటిదాకా వచ్చి ఆగింది, కదూ? మూడింట్లో ఏరి ఏరి పెట్టానమ్మా. ఇన్నేళ్ళలో ఇంత మంచి కవరు నేను చెయ్యలేదు."

ఆల్బం మంచం మీద పెట్టిన చప్పుడయింది. చిట్టి చల్లటి చెయ్యి వచ్చి ఆయన గడ్డం పట్టుకుంది. గోడకేసి తిరిగి ఉన్న మొహాన్ని మెల్లగా తన వైపు తిప్పుకుంది.

"ఇటు చూడు నాన్నా. సూటిగా నన్నే చూడు."

చూశాడు. చూడగానే పిల్ల పోయింది. చెవులున్నాయి, జుట్టుంది, భుజాలున్నాయి.

"ఇప్పుడు నా కళ్ళు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా?"

కవరు మీద ఏ ఫోటో పడిందో ఆ ప్రశ్నతోనే మాస్టారికి అర్థమైంది. అయినా అలవాటు మానలేక మళ్ళీ లెక్క వేశాడు. అడిగే మనిషి ఎదుటివాళ్ళ మొహం చూస్తూనే కదా అడుగుతుంది. జవాబు ఎలా ఉంటుందో చూడాలని ఉండదా?

"తెరిచే ఉన్నాయమ్మా," అన్నాడు.

చిట్టి ఆయన చెయ్యి తీసుకుని వేళ్ళు తన కళ్ళ మీద పెట్టుకుంది. రెప్పలు మూసి ఉన్నాయి. వాటి కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు, అక్కడే ఉంచలేకపోయాడు.

వంటింట్లో కుళాయి కట్టేసిన చప్పుడయింది.

"విప్పేశారా అప్పుడే? ఏవండీ, కవరు మీద ఏ ఫోటో వేశారు?" అంటూ భార్య చేతులు తుడుచుకుంటూ వస్తోంది.